200 గంటల సీపీఎల్‌తో బుష్ పైలట్ ఉద్యోగం: ఏ దేశం ఎవరికి సరిపోతుంది?

చేతిలో సీపీఎల్, అంటే జీతానికి విమానం నడిపే కమర్షియల్ పైలట్ లైసెన్స్, ఉంది. మల్టీ ఇంజిన్ రేటింగ్, ఐఆర్ (పరికరాలు చూసి ఎగరడానికి కావాల్సిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్) కూడా అయ్యాయి. లాగ్‌బుక్‌లో 200 పైచిలుకు గంటలు. ఎయిర్‌లైన్ నుంచి పిలుపు లేదు, టైప్ రేటింగ్ (ఒక పెద్ద విమాన రకాన్ని నడిపే అనుమతి) చేద్దామంటే మళ్లీ లక్షలు పోయాలి. సరిగ్గా ఈ దశలోనే చాలామంది బోట్స్వానా గురించో, కెనడా గురించో, పపువా గురించో వెతకడం మొదలుపెడతారు. రోడ్డు లేని ఊళ్లకూ, ఉన్నా వానాకాలం తెగిపోయే చోట్లకూ చిన్న విమానంలో మనుషుల్ని, మందుల్ని, కూరగాయల్ని చేరవేయడమే బుష్ ఫ్లయింగ్. మట్టి రన్‌వే, గడ్డి రన్‌వే, మంచు, చెరువు, నది, ఏది ఉంటే దాని మీదే దిగాలి. 200 గంటలవాణ్ణి పైలట్‌గా తీసుకునే పనులు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. ఇది వాటిలో ఒకటి. కాకపోతే అన్ని చోట్లా తీసుకోరు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ముందు విమానం చూసి మనసు పారేసుకుంటారు. తర్వాత లైసెన్స్ కన్వర్షన్‌కు డబ్బు కడతారు. వర్క్ పర్మిట్ సంగతి ఆఖర్న అడుగుతారు. ఇది తిరగేసి చేయాలి. ఆ దేశంలో మీకు జీతానికి పనిచేసే హక్కు వస్తుందా అన్నది మొదటి ప్రశ్న. మీకున్న గంటలకు అక్కడి చట్టమూ, ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకుంటాయా అన్నది రెండోది. లైసెన్స్ మార్పిడి మూడోది. ఫ్లోట్ రేటింగ్ (నీటి మీద దిగే విమానాలకు), టెయిల్‌వీల్ (తోక చక్రం విమానాలకు) లాంటివి ఆ తర్వాతే. కింద ఒక్కో దేశాన్నీ ఈ వరసలోనే చూశాం.

బోట్స్వానా, దాని చుట్టుపక్కల

తక్కువ గంటలవాళ్లకు బాగా పేరున్న ఊరు మౌన్. ఒకవాంగో డెల్టాలోని సఫారీ క్యాంపులకు టూరిస్టుల్ని చేర్చే కంపెనీలు ఇక్కడి నుంచే నడుస్తాయి. సెస్నా 206, గిప్స్‌ల్యాండ్ జీఏ8 ఎయిర్‌వాన్ పిస్టన్ విమానాలు. గంటలు పెరిగాక ఇచ్చేది సెస్నా 208బీ గ్రాండ్ కారవాన్, టర్బైన్. ఒక్కో ప్రయాణం 15 నుంచి 40 నిమిషాలు, రోజుకు అలా ఆరేడు ల్యాండింగులు. అందుకే గంటలకన్నా వేగంగా అనుభవం పోగవుతుంది.

వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాల్సింది కంపెనీ. ఆ పనికి స్థానికుడు దొరకలేదని చూపించాలి. బోట్స్వానా సొంత పైలట్లు ఏటా పెరుగుతున్నారు కాబట్టి ఇది ఏటికేడూ కష్టమవుతోంది. మీ సీపీఎల్‌ను అక్కడి పౌర విమానయాన సంస్థ వాలిడేట్ చేయాలి. దానికి సాధారణంగా ఎయిర్ లా పరీక్ష, చెక్ ఫ్లైట్ ఉంటాయి. వాలిడేషన్ వచ్చినా పర్మిట్ రాకపోతే డబ్బులు తీసుకుని ఎగరకూడదు. విజిటర్‌గా వెళ్లి కంపెనీల గుమ్మం ఎక్కడం తప్పేమీ కాదు, అక్కడ అది మామూలే. అలా వెళ్లేవాళ్లు ఆ దేశం మన పాస్‌పోర్టుకు ఎన్ని రోజులు ఇస్తుందో, తిరుగు టికెట్ అడుగుతుందో లేదో ముందే చూసుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది ముఖ్యం. డెల్టాకు నీళ్లు అక్కడి వానతో రావు. అంగోలా కొండల్లో కురిసిన వాన నెలల తరబడి నెమ్మదిగా పారి వచ్చి, వానల్లేని చలికాలంలో, జూన్ నుంచి ఆగస్టు మధ్య డెల్టాను నింపుతుంది. టూరిస్టుల రద్దీ జూన్ నుంచి అక్టోబరు వరకూ. కొత్త పైలట్‌ను తీసుకుని, లైన్ ట్రైనింగ్ (నిజమైన సర్వీసుల్లోనే శిక్షణ) ఇచ్చి, జూన్‌కు సిద్ధం చేయాలంటే కంపెనీ ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్యే తీసుకోవాలి. ఆగస్టులో దిగినవాణ్ణి ఇంటర్వ్యూ చేసే తీరిక చీఫ్ పైలట్‌కు ఉండదు.

ఇక్కడ ప్రాణాల మీదకు తెచ్చేది వేడి. మౌన్ సముద్రమట్టానికి దాదాపు 3,100 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్టోబరులో 38 డిగ్రీలు మామూలు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. తేడా 29 డిగ్రీలు, డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,480 అడుగులు. అంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడికి పలచబడ్డ గాలి ఎంత ఎత్తులోని గాలితో సమానమో ఆ లెక్క) దాదాపు 6,600 అడుగులు. టర్బో లేని 206 ఇంజిన్ మధ్యాహ్నం రెండింటికి ఆ ఎత్తులో ఉన్నట్టే లాగుతుంది. రన్‌వేనేమో వెయ్యి మీటర్ల మట్టి, అవతల చెట్లు.

బరువు లెక్క కూడా ఒకసారి చేసి చూడండి. 206హెచ్ గరిష్ఠ టేకాఫ్ బరువు 3,600 పౌండ్లు. అమర్చిన పరికరాలతో కలిపి ఖాళీ బరువు 2,300 అనుకుందాం. మిగిలింది 1,300. ట్యాంకులు నింపితే 88 గ్యాలన్లు, గ్యాలన్‌కు 6 పౌండ్ల చొప్పున 528. ఇక మిగిలేది 772 పౌండ్లు, దాదాపు 350 కిలోలు. పైలట్ 80 కిలోలు, 85 కిలోల ప్రయాణికులు ముగ్గురు అంటే 335. సామానుకు 15 కిలోలే మిగిలాయి. ఆరు సీట్ల విమానంలో నలుగురికే సరిపోయింది. అందుకే ఎంత ఇంధనం పోయాలన్నది రోజుకు ఆరుసార్లు తీసుకునే నిర్ణయం. సఫారీ కంపెనీలు మెత్తటి సంచులే తెమ్మని, 15 లేదా 20 కిలోలు దాటొద్దని పట్టుబట్టేదీ ఇందుకే. ఇంటర్వ్యూలో కాగితం మీద ఈ లెక్క చేయమంటారు. యాప్ లేకుండా చేయడం రావాలి. పైలట్ బరువు కూడా ఈ లెక్కలోదే, కాబట్టి సన్నగా ఉన్నవాడికి కొంత మొగ్గు ఉంటుంది.

నమీబియా, టాంజానియా, కెన్యాల్లోనూ దాదాపు ఇదే పని. నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్ట్ 5,536 అడుగుల ఎత్తులో ఉంది. 26 డిగ్రీల ఆహ్లాదమైన రోజున కూడా అక్కడ డెన్సిటీ ఆల్టిట్యూడ్ 8,000 దాటుతుంది. కెన్యాలో సొంత పైలట్లు ఎక్కువ, కాబట్టి తక్కువ గంటల విదేశీయుడికి పర్మిట్ ఆశ పెట్టుకోకపోవడం మంచిది. కారవాన్ మీద గంటలున్నవాళ్లు టాంజానియాలో ప్రయత్నించవచ్చు.

మలేరియా మాత్రల సంగతి చాలామందికి తెలియదు. మెఫ్లోక్విన్ మందును పైలట్లకు చాలా దేశాలు ఒప్పుకోవు, తల తిరగడం, మానసిక దుష్ప్రభావాలు ఉండటం వల్ల. డాక్సీసైక్లిన్ గానీ అటోవాక్వోన్-ప్రోగువానిల్ గానీ ఏవియేషన్ మెడికల్ ఎగ్జామినర్‌ను అడిగి, బయల్దేరకముందే ఇంట్లో కొన్ని రోజులు వాడి చూసుకోండి.

ఆస్ట్రేలియా ఉత్తరం

కునునుర్రా, బ్రూమ్, డార్విన్. కునునుర్రా నుంచి బంగిల్ బంగిల్ కొండల మీద టూరిస్టుల్ని తిప్పే ఫ్లైట్లు, డార్విన్ నుంచి ఆర్న్‌హెమ్ ల్యాండ్ ఆదివాసీ గ్రామాలకు చార్టర్లు. సెస్నా 206, 210, ఎయిర్‌వాన్ ఎక్కువ. వానలు ఆగాక, మే నుంచి సెప్టెంబరు దాకా సీజన్. ఉద్యోగాల వెతుకులాట ఫిబ్రవరి, మార్చి నెలల్లో.

మనవాళ్లకు ఈ దారి ఇటీవలే కొంచెం వెడల్పయింది. 2024లో ఆస్ట్రేలియా భారతీయులకు వర్క్ అండ్ హాలిడే వీసా, అంటే 462 సబ్‌క్లాస్, మొదలుపెట్టింది. 18 నుంచి 30 ఏళ్ల వాళ్లకు, ఏడాదికి 1,000 మందికి, లాటరీ పద్ధతిలో. దీంతో ఒక యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకు మించి పనిచేయకూడదు. మామూలు ఉద్యోగానికైతే ఇది ఇబ్బంది. సీజన్ పైలట్‌కు మాత్రం ఆరు నెలలు దాదాపు సరిగ్గా సరిపోతాయి. కంపెనీ స్పాన్సర్‌షిప్ మీద మొదటి రోజే ఆశ పెట్టుకుని వెళ్తే 200 గంటలవాడికి దొరికే అవకాశం చాలా తక్కువ.

లైసెన్స్ వైపు చూస్తే, అక్కడి నియంత్రణ సంస్థ కాసా మన సీపీఎల్‌ను గుర్తించి, ఎయిర్ లా, హ్యూమన్ ఫ్యాక్టర్స్ పరీక్షలు, ఫ్లైట్ టెస్ట్ పెడుతుంది. క్లాస్ 1 మెడికల్ కాసాదే కావాలి. మనవాళ్లు మరిచిపోయేది డిజైన్ ఫీచర్ ఎండార్స్‌మెంట్లు. రిట్రాక్టబుల్ గేర్ (లోపలికి ముడుచుకునే చక్రాలు), మాన్యువల్ ప్రొపెల్లర్ పిచ్ కంట్రోల్ (ప్రొపెల్లర్ కోణాన్ని చేత్తో మార్చడం) ఎండార్స్‌మెంట్లు, అంటే విడి అనుమతులు, లేకుండా 210 నడపలేరు. మన దగ్గర డైమండ్ డీఏ42 మీద మల్టీ ఇంజిన్ చేసినవాళ్లు ప్రొపెల్లర్ లివర్‌ను ఎప్పుడూ ముట్టుకుని ఉండరు, ఆ విమానంలో అది కంప్యూటరే చూసుకుంటుంది. కాబట్టి ఫ్లైట్ టెస్ట్‌నే 206 లేదా 210 మీద బుక్ చేసుకుంటే రెండు పనులూ ఒకే ఖర్చుతో తెముల్తాయి. ఎయిర్‌పోర్ట్ లోపల తిరగడానికి ఏఎస్ఐసీ అనే భద్రతా గుర్తింపు కార్డు కూడా కావాలి. అది రావడానికి వారాలు పడుతుంది, దిగగానే దరఖాస్తు పెట్టాలి.

ఇక్కడి కంపెనీలు ఈమెయిల్‌తో పంపిన సీవీని దాదాపు పట్టించుకోవు. కారేసుకుని ఊరూరా తిరిగి హ్యాంగర్‌లో మనిషిగా కనబడినవాణ్ణే గుర్తుపెట్టుకుంటారు. ఉద్యోగం వచ్చేదాకా అదే ఊళ్లో హోటల్లోనో, పెట్రోల్ బంకులోనో పనిచేస్తూ కాచుకోవడం అక్కడ ఆనవాయితీ. మూడు నెలల తిండికీ అద్దెకూ సరిపడా డబ్బు పక్కన పెట్టుకోకుండా వెళ్లొద్దు.

కెనడా

ఇక్కడ పని చాలా ఉంది, చలీ ఉంది. ఉత్తర ఒంటారియోలో రెడ్ లేక్, సూ లుకౌట్, ఇంకా పైన యెల్లోనైఫ్, పడమర తీరాన బ్రిటిష్ కొలంబియా. వేసవిలో చెరువుల మీద ఫ్లోట్ విమానాలు, చలికాలంలో అవే స్కీల మీద. 1947లో మొదటిసారి ఎగిరిన డీ హావిలాండ్ బీవర్ ఇప్పటికీ అక్కడ పనిచేస్తూనే ఉంది, 450 హార్స్‌పవర్ రేడియల్ ఇంజిన్‌తో.

కెనడా సీపీఎల్‌కూ మనలాగే 200 గంటలు, అందులో 100 పీఐసీ (పైలట్ ఇన్ కమాండ్, విమానానికి బాధ్యుడిగా ఎగిరినవి), 20 గంటలు పీఐసీగా క్రాస్ కంట్రీ (వేరే ఊరికి దూర ప్రయాణం). ఇండియన్ సీపీఎల్ ఉన్నవాళ్లు కేటగిరీ 1 మెడికల్, రాతపరీక్ష, ఫ్లైట్ టెస్ట్ పూర్తిచేయాలి. రేడియోకు మన ఆర్‌టీఆర్ (రేడియో లైసెన్స్) బదులు అక్కడి ఆపరేటర్ సర్టిఫికెట్ కావాలి. ఇవన్నీ చేయగలిగిన పనులే. చేయలేనిది వర్క్ పర్మిట్. ఫ్లోట్ కంపెనీలు చిన్నవి, కొత్త పైలట్ కోసం ఇమిగ్రేషన్ కాగితాలు నడపవు. అందువల్ల పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్లకూ, చదువు పూర్తయ్యాక ఓపెన్ వర్క్ పర్మిట్ వచ్చేవాళ్లకూ, భార్య లేక భర్త తరఫున ఓపెన్ పర్మిట్ ఉన్నవాళ్లకూ మాత్రమే ఈ దారి నిజమైన దారి. కెనడాలో కుటుంబంతో స్థిరపడ్డ తెలుగువాళ్ల పిల్లల్లో పైలట్ కావాలనుకునేవాళ్లకు మేం మొదట చెప్పేది ఇదే. ఇండియా నుంచి స్టూడెంట్‌గా వెళ్లేవాళ్లు ఫ్లయింగ్ స్కూల్ పేరు కాదు చూడాల్సింది. ఆ కోర్సుకు చదువు తర్వాతి వర్క్ పర్మిట్ అర్హత ఉందా అన్నది ప్రభుత్వ జాబితాలో వెతికి, అప్పుడు ఫీజు కట్టండి. ఏజెంటు మాట మీద వద్దు.

సీప్లేన్ రేటింగ్‌కు చట్టం అడిగేది 7 గంటలు. అందులో 5 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో, పీఐసీగా కనీసం 5 టేకాఫ్‌లు, ల్యాండింగులు. ఆ 7 గంటలతో ఉద్యోగం రాదు. ఇన్సూరెన్స్ కంపెనీ ఫ్లోట్ అనుభవాన్ని విడిగా లెక్కిస్తుంది కాబట్టి 50 గంటల బుష్ ఫ్లోట్ కోర్సులు అమ్ముతారు. ఖరీదైనవే. కొనాలా వద్దా? పనిచేసే హక్కు ఇప్పటికే చేతిలో ఉండి, ఫ్లోట్ల మీదే పనిచేయాలన్న నిశ్చయం ఉంటే కొనవచ్చు. హక్కు లేనివాళ్లు 50 గంటలు కాదు, 5 గంటలు కూడా కొనొద్దు. ఇక మూడో దారి డాక్ (ఫ్లోట్ విమానాలు కట్టే రేవు) మీద పని. కొత్త పైలట్‌ను మొదటి వేసవంతా విమానాలు కట్టేయడానికి, ఇంధనం పోయడానికి, చేపలవేటకు వచ్చినవాళ్ల సామాను మోయడానికి పెట్టుకుంటారు. ఖాళీ దొరికినప్పుడు పక్క సీట్లో కూర్చోబెడతారు. తర్వాతి సీజన్‌లో విమానం ఇస్తారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా పట్టొచ్చు. మెడలో టై కట్టుకునే ఉద్యోగం అనుకుని వచ్చినవాళ్లు ఇక్కడే వెనక్కి తిరుగుతారు. ఆ రెండేళ్లలో నేర్చుకునేది మాత్రం ఏ కోర్సూ నేర్పదు. గాలికి విమానం కొట్టుకుపోతుంటే బ్రేకుల్లేకుండా డాక్‌కు చేర్చడం, పొద్దున్నే ఫ్లోట్‌లోని ఒక్కో అరలో చేరిన నీళ్లు పంప్‌తో తోడి, ఏ అర ఎక్కువ కారుతోందో లెక్కపెట్టడం లాంటివి.

ఫ్లోట్ల మీద కొత్తవాణ్ణి ఎక్కువ మోసం చేసేది నిశ్చలమైన నీరు. అద్దంలా ఉన్న చెరువు మీద ఎత్తు కంటికి తెలియదు. ఇంకా ఇరవై అడుగులు ఉండగానే నీళ్లు వచ్చేశాయనుకుని ఫ్లేర్ చేస్తే, అంటే దిగడానికి ముక్కు ఎత్తితే, స్టాల్ అయి (రెక్కలు మోయలేక) పడిపోతుంది. లేదా ఉందనుకున్న ఎత్తు లేక ముక్కు ముందు నీటిలోకి దిగి తిరగబడుతుంది. విధానం ఇదీ: ఒడ్డు పక్కనే, కంటికి ఆనవాలు దొరికే చోట దిగే ఏర్పాటు చేసుకోవాలి. ల్యాండింగ్ యాటిట్యూడ్‌లో ముక్కు నిలిపి, పవర్‌తో నిమిషానికి 150 అడుగుల చొప్పున దిగుతూ, నీరు తగిలేదాకా ఏదీ కదపకూడదు. దీనికి చాలా దూరం పడుతుంది. చిన్న చెరువుకు ఈ పద్ధతి సరిపోదని ముందే గ్రహించి వెనక్కి తిరగడం కూడా టెస్ట్‌లో భాగమే.

అలాస్కా

అమెరికా పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకే. హెచ్1బీ మీద ఈ ఉద్యోగాలు రావు. అక్కడ పుట్టిన తెలుగు పిల్లలకు ఇది చక్కటి అవకాశం. ఇండియా నుంచి ట్రైనింగ్ వీసా మీద వెళ్లేవాళ్లకు కాదు.

ఇండియన్ లైసెన్స్ ఆధారంగా అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చేది ప్రైవేట్ పైలట్ హక్కులు మాత్రమే. జీతానికి ఎగరాలంటే ఎఫ్ఏఏ కమర్షియల్‌కు రాతపరీక్ష, చెక్‌రైడ్ ఉండాల్సిందే. పైలట్ లైసెన్సుల నిబంధన అయిన పార్ట్ 61 కింద 250 గంటలు కావాలి. ఆ లైసెన్స్ వచ్చినా చార్టర్ నడపలేరు. చార్టర్లకు వర్తించే పార్ట్ 135 నిబంధన ప్రకారం వీఎఫ్ఆర్ (కంటితో చూస్తూ ఎగరడం) పీఐసీకి 500 గంటలు, అందులో 100 క్రాస్ కంట్రీ, ఆ వందలో 25 రాత్రివేళ. ఐఎఫ్ఆర్‌కైతే (పరికరాల ఆధారంగా ఎగరడం) 1,200 గంటలు. ఈ 25 గంటల రాత్రి క్రాస్ కంట్రీ దగ్గరే చాలామంది ఆగిపోతారు. మే నెలలో అలాస్కా చేరి అక్కడ పూర్తిచేద్దామంటే కుదరదు, జూన్‌లో ఫెయిర్‌బ్యాంక్స్‌లో చీకటే పడదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తూ 500 నింపుకుని, రాత్రి గంటలు అక్కడే ముగించి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో దరఖాస్తు చేయడం తెలివైన పని.

పపువా, రెండు వైపులా

న్యూగినీ ద్వీపం పడమటి సగం ఇండోనేషియాది, తూర్పు సగం పపువా న్యూగినీ దేశం. బుష్ ఫ్లయింగ్‌లో దీన్ని మించిన కష్టం లేదంటే అతిశయోక్తి కాదు. రన్‌వేలు కొండవాలు మీద. దిగేది ఎగువకు, ఎగిరేది దిగువకు. చివర గోడలా కొండ. కొంత దూరం వచ్చాక గో ఎరౌండ్ (దిగడం ఆపి మళ్లీ పైకి లేవడం) అన్నదే ఉండదు. ఆ దూరం ఎక్కడో ప్రతి రన్‌వేకూ కంఠతా ఉండాలి. నేపాల్‌లోని లుక్లా ఇక్కడివాళ్లకు తెలిసిన ఉదాహరణ: 527 మీటర్ల రన్‌వే, 11.7 శాతం వాలు. పపువాలో అలాంటి వాలు రన్‌వేలు ఎన్నో, అవీ తారు వేయనివి. పొద్దున పదికల్లా లోయల్లో మబ్బు కమ్ముకుంటుంది, కాబట్టి పనంతా తెల్లవారుజామునే.

పపువా న్యూగినీలో 200 గంటలతో పీఐసీగా తీసుకోరు, తీసుకోకూడదు కూడా. ఇండోనేషియాలో కారవాన్ కుడి సీట్లో ఫస్ట్ ఆఫీసర్‌గా మొదలుపెట్టే పద్ధతి ఉంది, పిలాటస్ పోర్టర్ విమానాలు నడిపే కంపెనీలు కూడా ఉన్నాయి. మిషనరీ విమాన సంస్థలూ ఇక్కడ చాలాకాలంగా పనిచేస్తున్నాయి. వాటిలో పైలట్ తన జీతానికి కావాల్సిన విరాళాలు తానే సమకూర్చుకోవాలి, మత విశ్వాసం షరతు. ఇంజినీరింగ్ లైసెన్స్ కూడా ఉంటే అక్కడ మంచి విలువ.

భద్రత విషయం దాచకూడదు. 2023 ఫిబ్రవరిలో ఇండోనేషియా పపువాలోని న్డుగా ప్రాంతంలో దిగిన న్యూజిలాండ్ పైలట్‌ను వేర్పాటువాదులు బందీగా పట్టుకున్నారు. విడుదలైంది 2024 సెప్టెంబరులో. ఏ జిల్లాలకు ఎగరాలి, అక్కడి పరిస్థితి ఎవరు చూస్తారు, ఫ్లైట్ వద్దనే హక్కు పైలట్‌కు ఉందా అన్నది కాంట్రాక్ట్ మీద సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగాలి. సరైన జవాబు రాకపోతే ఆ ఉద్యోగం వదిలేయడమే సరి.

మాల్దీవులు

దగ్గరే ఉంది, ఇండియాలో చేసిన మల్టీ ఇంజిన్ ఐఆర్ అక్కరకొచ్చేదీ ఇక్కడే. ట్రాన్స్ మాల్దీవియన్ ఎయిర్‌వేస్ ప్రపంచంలోనే అతిపెద్ద సీప్లేన్ సంస్థ. నడిపేవి ట్విన్ ఆటర్లు, 620 హార్స్‌పవర్ టర్బైన్లు రెండు, గరిష్ఠ బరువు 12,500 పౌండ్లు. ఇద్దరు పైలట్లు, పగటి వెలుతురులోనే. ఫస్ట్ ఆఫీసర్ సీట్లు ముందు మాల్దీవియన్లకు వెళ్తాయి. విదేశీయుల్లో ఎక్కువగా వచ్చేది కెప్టెన్లుగా, అప్పటికే ఫ్లోట్ల మీద వేల గంటలున్నవాళ్లు. మొదటి ఉద్యోగంగా దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు. కెనడాలో మూడు నాలుగేళ్లు ఫ్లోట్లు నడిపాక రెండో ఉద్యోగంగా చక్కగా ఉంటుంది.

అదనపు అర్హతల్లో డబ్బు పెట్టదగ్గవి

కారవాన్ కోర్సు చేసి, గంటలు లేకుండా సర్టిఫికెట్ తెచ్చుకోవడం వృథా. కంపెనీలు తమ పద్ధతిలో మళ్లీ నేర్పుతాయి. 206 లేదా 182 మీద 10, 15 గంటలు, బరువుతో, గడ్డి రన్‌వే మీద చేస్తే అంతకన్నా ఎక్కువ పనికొస్తుంది. సెస్నా 172 ఖాళీగా నడిపిన చేతికి 206 ముక్కు బరువు కొత్తగా ఉంటుంది. ట్రిమ్ వాడకుండా ఫ్లేర్ చేస్తే ముందు చక్రం మీద పడి ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనక గోడ) వంగుతుంది, చెక్ ఫ్లైట్లలో కొత్తవాళ్లు చేసే ఖరీదైన పొరపాటు ఇదే. టెయిల్‌వీల్ కాళ్లకు పని నేర్పుతుంది, కెనడా, అలాస్కాల్లో ఉపయోగం. ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఎవరూ అడగరు. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ 200 నుంచి 500 గంటలకు ఎదురు డబ్బు కట్టకుండా చేరే దారి అదే, పైగా అలాస్కా నుంచి పపువా దాకా ఆ 500 ఎన్నో గడపలు దాటిస్తుంది.

ఉద్యోగం గ్యారంటీ అంటూ లైన్ ట్రైనింగ్ ప్యాకేజీ అమ్మేవాళ్లకు డబ్బు కట్టొద్దు. ప్రయాణికులు టికెట్ కొన్న విమానాన్ని మీరు డబ్బిచ్చి నడపడం ఉద్యోగం కాదు. కంపెనీ ట్రైనింగ్ ఇచ్చి బాండ్ రాయించుకోవడం వేరు, అది న్యాయమే. బాండ్‌లో మొత్తం నెలనెలా తగ్గుతుందా, మెడికల్ పోతే రద్దవుతుందా అన్న రెండు వాక్యాలూ చదవండి.

బయల్దేరే ముందు ఇక్కడ చేయాల్సిన కాగితాలు

ముందు ఆ దేశపు క్లాస్ 1 లేదా కేటగిరీ 1 మెడికల్ చేయించుకోండి, మిగతా ఖర్చులన్నిటికన్నా ముందు. మన పౌర విమానయాన సంస్థ డీజీసీఏ మెడికల్ ఉందని అక్కడా వస్తుందని లేదు. కళ్ల విషయంలో, రంగుల పరీక్షలో తేడాలు వస్తాయి. తర్వాత డీజీసీఏ నుంచి లైసెన్స్ వెరిఫికేషన్. అక్కడి సంస్థ అడిగాక మన దగ్గర్నుంచి జవాబు వెళ్లడానికి వారాలు పడుతుంది. వీసా తేదీ దానికి తగ్గట్టు పెట్టుకోవాలి. ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీ లెవెల్ 4 అయితే మూడేళ్లకే గడువు తీరుతుంది, లెవెల్ 5కు ఆరేళ్లు, లెవెల్ 6కు గడువు లేదు. కుదిరితే 6 తెచ్చుకుని ఆ తలనొప్పి వదిలించుకోండి.

లాగ్‌బుక్ గురించి గట్టిగానే చెప్పాలి. మన దగ్గర పీ-51 అని పిలిచే పెన్ను గంటలు, అంటే ఎగరకుండానే రాసుకున్నవి, ఉంటే బుష్‌లో అవి మొదటి గంటలోనే బయటపడతాయి. 100 గంటల పీఐసీ రాసుకున్నవాడు క్రాస్‌విండ్‌లో సెంటర్‌లైన్ నిలపలేకపోతే చెక్ పైలట్‌కు ఇక లెక్క అడగాల్సిన పని ఉండదు. అంతకన్నా పెద్ద విషయం, ఒంటరిగా ఐదుగురు ప్రయాణికులతో ఎగిరే పనిలో లేని గంటలు ప్రాణం తీస్తాయి. అనుభవం తక్కువుంటే ఇంకా 20 గంటలు డబ్బు పెట్టి ఎగరండి. ప్రతి పేజీ సీఎఫ్ఐ (ఫ్లయింగ్ స్కూల్ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్) సంతకం, ముద్రతో సర్టిఫై అయి ఉండాలి. విదేశీ సంస్థలు అదే చూస్తాయి.

చెక్ ఫ్లైట్‌కు సిద్ధపడేటప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌లు పక్కన పెట్టి షార్ట్ ఫీల్డ్ టేకాఫ్, ల్యాండింగ్, దిగేముందు రన్‌వే మీద తక్కువ ఎత్తులో తిరిగి గుంతలు, జంతువులు చూసుకోవడం, తక్కువ మేఘాల కింద మ్యాప్‌తో నావిగేషన్ చేయండి. నేల మీద అడిగేవీ ఉంటాయి. 200 లీటర్ల డ్రమ్ము నుంచి ఇంధనం ఎలా పోస్తావు? సీల్, తేదీ, రకం చూడాలి. ఏవ్‌గ్యాస్ (పిస్టన్ ఇంజిన్ల పెట్రోల్) విమానంలో జెట్ ఇంధనం పోస్తే ఎగిరాక ఇంజిన్ ఆగిపోతుంది, కాబట్టి వాసన, రంగు చూడాలి. అడుగున నీరూ మడ్డీ చేరే కొంత భాగం డ్రమ్ములోనే వదిలేయాలి, పంపుకు నీటిని ఆపే ఫిల్టర్ ఉండాలి, పోశాక విమానాన్ని కొంతసేపు నిలబెట్టి అన్ని డ్రెయిన్ల నుంచి శాంపిల్ తీయాలి. ఎవరు చూసినా చూడకపోయినా ఇలా చేస్తాడా అన్నదే వాళ్లకు కావాలి.

తిరిగొచ్చాక

బుష్‌లో మూడేళ్లు గడిపితే 1,500 గంటలు దాటొచ్చు. పీఐసీ గంటలు పుష్కలం. కానీ అవన్నీ పగటి వీఎఫ్ఆర్. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ప్రమాణం ప్రకారం ఏటీపీఎల్‌కు (ఎయిర్‌లైన్ కెప్టెన్ స్థాయి లైసెన్స్) 1,500 గంటల్లో 100 రాత్రివి, 75 ఇన్‌స్ట్రుమెంట్‌వి ఉండాలి. మౌన్ నుంచి తిరిగొచ్చినవాడికి ఈ రెండూ దాదాపు సున్నా. కారవాన్‌కు మారాక ఐఎఫ్ఆర్ ఫ్లైట్లు, రాత్రి మెడికల్ తరలింపులు ఉన్న కంపెనీ దొరికితే జీతం కొంచెం తక్కువైనా దానికే వెళ్లండి. డీజీసీఏ మెడికల్, ఏటా రెన్యూ చేయాల్సిన ఐఆర్ వదిలేస్తే, తిరిగొచ్చాక అవి మళ్లీ తెచ్చుకోవడానికి నెలలు పోతాయి. సెలవులకు ఇంటికొచ్చే తేదీలనే వాటికి తగ్గట్టు పెట్టుకోవడం తేలిక.

ఎయిర్‌లైనే గమ్యం కానక్కర్లేదు కూడా. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ట్విన్ ఆటర్ సీప్లేన్ ప్రయోగాత్మకంగా ఎగిరింది. అలాంటి సర్వీసులు ఇక్కడ నిలదొక్కుకుంటే ఫ్లోట్ల మీద గంటలున్న భారతీయ పైలట్లు కావాలి, మన దగ్గర అలాంటివాళ్లు చాలా తక్కువ. అందుకే మొదటి రోజు నుంచే లాగ్‌బుక్‌లో ఫ్లోట్, టర్బైన్, రాత్రి, మట్టి రన్‌వే గంటలకు వేర్వేరు కాలమ్‌లు గీసి, ఏ రోజుది ఆ రోజే నింపండి. నాలుగేళ్ల తర్వాత కూర్చుని విడదీయబోతే సర్టిఫై చేయాల్సిన చీఫ్ పైలట్ ఏ దేశంలో ఉంటాడో తెలియదు.